ఆసుపోయు చేతులు



1866వ సంవత్సరమున లండను నగరమున 18 సంపుటముల గ్రంథమొకటి సిద్ధమైనది. దానియందు అక్షరములు తక్కువ, గుడ్డముక్కలెక్కువ. జాన్ ఫోర్బ్స్ వాట్సన్ అను నాతడు దానిని కూర్చెను. ఈయన మొదట వైద్యుడు. పిదప ఇండియా ఆఫీసునందు మన దేశపు పంటలను, పనితనములను గూర్చి నివేదికలు వ్రాయు నుద్యోగి. భారతదేశమున నేసిన వస్త్రములను కత్తిరించి, 700 నమూనాలను ఆ పుటలలో వరుసగా అతికించిరి. ఇట్టివి 20 ప్రతులు చేయించి, 13 ప్రతులను ఆ దేశపు పట్టణములకును, 7 ప్రతులను మన దేశమునకును కేటాయించిరి. మాంచెస్టరు, గ్లాస్గో మున్నగు మిల్లుల పట్టణములవారు ఆ పుటలను తిరుగవేసి, హిందువు లెట్టి ధోవతి కట్టుదురు, ముసల్మానులెట్టి తలపాగ చుట్టుదురు, ఏ ప్రాంతపు స్త్రీకి ఏ యంచు ప్రీతి యని తెలిసికొని, అట్టి గుడ్డను యంత్రములపై నేసి మనకే అమ్మవలెనని ఉద్దేశము. ఇది నేను ఊహించి చెప్పుమాట కాదు. ఆ ప్రయోజనమును వాట్సనుగారే దాపరికము లేక ప్రకటించినారు.

ప్రతి నమూనా క్రిందను దాని పొడవు, వెడల్పు, తూకము, దొరకిన ఊరు వ్రాసియున్నవి. నేసినవాని పేరు లేదు.

ఆ కృషి పరిశోధన కాదందుమా? అనుటకు వీలులేదు. అంత ఓపికతో మన వస్త్రములను వర్గీకరించినవారు అంతకుముందు లేరు. ఈనాడు మన నేత చరిత్ర వ్రాయువారికి సైతము ఆ సంపుటములే ఆధారము. అయినను ఆ విద్య ఎవరియింట పుట్టినదో వారింటికి దానివలన పొయ్యిలో పిల్లి లేచుటకు బదులు, ఇంకను ముడుచుకొని పడుకొన్నది. పరిశోధకుడొక చోట, పరిశోధింపబడువాడొక చోట, లాభము మూడవ చోట. ఇట్లు కాక, పనివాడును పండితుడును కలసి కూర్చుండి వెదకుటయు, వెదకి కనుగొన్న దానిలో పనివానికి పేరును పాలును దక్కుటయు సాధ్యమా యనునది నేడు నేను విచారింపదలచిన సంగతి. ఇందుకు నిదర్శనము కొఱకు దూరము పోనక్కరలేదు. మా పాత నల్లగొండ జిల్లాయందే యున్నది.

దానికి ముందు మఱియొక పూర్వకథ చెప్పవలెను. తెలుగువారు మఱవరానిది. కోర్డూ అను ఫ్రెంచి జెసూట్ పాదరి 1732లో దక్షిణదేశమునకు వచ్చి, 1779లో పుదుచ్చేరిలో మరణించువరకు ఇచ్చటనే యుండెను. ఆయన మన భాష నభ్యసించి తెలుగు–ఫ్రెంచి–సంస్కృత నిఘంటువును కూర్చెను. సంస్కృతమునకును, గ్రీకు లాటిను భాషలకును గల చుట్టఱికమును 1767లోనే ఫ్రాన్సు పండితులకు వ్రాసి తెలిపినవాడు. మా బోటి భాషాపండితులకు పూజ్యుడే. కాని ఆయన 1742లో స్వదేశమునకు వ్రాసిన లేఖ యొకటి కలదు. చోళమండల తీరమున అద్దకపు గుడ్డలకు చెఱగని రంగులు ఎట్లు పట్టింతురో, కరక్కాయ నీట గుడ్డను తడుపుట మొదలుకొని, దానియందు విపులముగా వ్రాసినాడు. ఎవరినడిగి తెలిసికొనెను? క్రైస్తవమును క్రొత్తగా స్వీకరించిన అద్దకపు పనివారిని. గురువు అడిగినపుడు శిష్యుడు కాదనగలడా? ఆ లేఖ అచ్చుపడెను, ఐరోపాలో చదివిరి. చెప్పినవారి పేర్లు ఆ లేఖవలన మనకు దక్కలేదు. వాట్సను దొర యధికారమున తెచ్చికొన్నదానిని కోర్డూ పాదరి చనువున తెచ్చికొనెను. ఈ రెండవ మార్గము మొదటిదానికంటె మృదువైనదేగాని, ఇల్లు గలవాని కోణము నుండి చూచినచో తేడా స్వల్పము.

ఇక మా జిల్లా మాట. నేను సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పాఠశాలలయందు 30 ఏండ్లకు పైబడి తెలుగు బోధించితిని. సూర్యాపేటకు చేరువనున్న పిల్లలమఱ్ఱికి పిల్లలను పలుమారులు తీసికొనిపోయితిని. రేచర్ల వంశపు బేతిరెడ్డి భార్య ఎఱకసాని 1208లో ప్రతిష్ఠింపజేసిన ఎఱకేశ్వరాలయమచ్చట కలదు. నామిరెడ్డి పేర నామేశ్వరాలయము కలదు. నల్లరాతి స్తంభములు అద్దమువలె మెఱయుచుండును. కట్టించినవారి పేరనే దేవుని పిలుచుచున్నాము. ఆ రాతికి నునుపు పెట్టినవాని పేర దేవుడు లేడు గదాయని ఒక బాలుడు నన్నడిగినాడు. ఎనిమిదవ తరగతి పిల్లవాడు. ఆ ప్రశ్న నాతో నిలిచిపోయినది.

2016లో జిల్లా మూడుగా విభాగింపబడినది. సూర్యాపేట, కోదాడ ఒక జిల్లా. మిర్యాలగూడ నల్లగొండలోనే నిలిచినది. పోచంపల్లి, పుట్టపాక, ఆలేరు యాదాద్రి భువనగిరి జిల్లాలోనికి పోయినవి. హద్దులు మాఱినను చీరలు మాఱలేదు. మిర్యాలగూడ పెండ్లియింట నేటికిని పెట్టె తెఱచి చూచిన పోచంపల్లి పట్టుచీర యొకటి యుండును.

పోచంపల్లి యనగనే 1951 ఏప్రిలు 18వ తేదీన వినోబాభావే గారికి వెదిరె రామచంద్రారెడ్డిగారు 100 ఎకరముల భూమి నొసంగుట గుర్తుకు వచ్చును. నేతకు గూడ ఆ యూరు అంతటి ఖ్యాతి గలది. అచ్చటి చిటికి నేత పుట్టినిల్లు చీరాల. చీరాలలో నూనెగుడ్డ, అనగా తేలియా రుమాలు, నేయుచుండిరి. నూలును నూనెలోను, ఆముదపు కాయల బూడిద కలిపిన నీటిలోను దినములకొలది నానబెట్టి పిసికి ఆరవేసి, తరువాత ఎఱుపు నలుపు రంగులు పట్టింతురు. ఆ నూనెవలన రంగు లోతుగా నంటును, గుడ్డ మెత్తనగును. అరబ్బు దేశములవారు తలకు చుట్టుకొనుటకు దీనిని కోరి కొనెడివారు. గడచిన శతాబ్ది తొలి దశకములలో ఈ విద్య చీరాలనుండి మా ప్రాంతమునకు వచ్చి పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెములయందు వేళ్లూనినది. 1960 దాటిన పిమ్మట పట్టు వచ్చి చేరినది. నేడు తేలియా రుమాలు పేరు చెప్పిన పుట్టపాకయే స్ఫురించును. పుట్టింటికంటె మెట్టినింట వర్ధిల్లిన ఆడబిడ్డవంటి దీ విద్య.

చిటికి నేతయందు చిత్రము మగ్గముపై పుట్టదు, నూలుపైననే పుట్టును. పేక నూలును మొదట ఒక చట్రముపై లెక్క తప్పక పేర్చవలెను. చట్రమున కొకవైపున ఒంటి మేకు; ఎదుట అర్ధచంద్రాకారముగా మేకుల వరుస. నూలుపోగును చేతబట్టి ఒంటి మేకునుండి వరుసలోని మేకునకును, అటనుండి మరల ఒంటి మేకునకును త్రిప్పుచు, ఒక్కొక్క మేకునకు ఇన్ని చుట్లని పోవలెను. దీనినే ఆసుపోయుట యందురు. 'ఆసులో కండెవలె తిరుగుట' యను నానుడి మనలో కలదు; పద్యములు చదివినవారికందఱికిని ఆ మాట తెలియును; ఆ తిరుగుట ఎట్టిదో తెలిసినవారు పద్మశాలీల యిండ్లలోనే యుందురు. ఆసుపోసిన నూలుపై గుర్తులు గీసి, రంగు అంటరాని చోట రబ్బరు పట్టీలతో బిగించి, రంగున ముంచి, విప్పి, మరల వేఱుచోట కట్టి, మఱియొక రంగున ముంచి, వరుస చెడకుండ కండెలకు చుట్టి, అప్పుడు నాడెలో పెట్టి నేయుదురు.

ఒక్క చీరకు ఆసుపోయుటకు చేయి సుమారు 9000 మారులు అటునిటు పోయిరావలెను. నాలుగైదు గంటల పని. దినమునకు రెండు చీరలకు పోసిన చేయి 18000 మారులు ఊగినదన్నమాట. ఈ పని చేయువారు సాధారణముగా ఇంటి ఆడువారు. నేసినవానికి కూలి యున్నది గాని ఇంటిలో ఆసుపోసిన తల్లికి విడిగా కూలి యను మాటయే లేదు. భుజములు పడిపోవును, మోచేతులు వాచును. కండ్లు గూడ చెడును. ఏలయన ఒక్క పోగు తప్పిన చిత్రము చెదరును. నా తరగతిలో చదివిన నేతవారి పిల్లలు గొందఱు, పరీక్షల సమయమునందు గూడ, 'అమ్మకు చేయి లేస్తలేదు సారూ, నేను ఆసు పోసి వచ్చిన' నిరి. హాజరుపట్టీలో దానికి గడి లేదు.

ఆలేరు చేరువనున్న శారాజీపేటలో చింతకింది లక్ష్మిగారను తల్లికిని ఇదే బాధ. ఆమె కుమారుడు మల్లేశము చిన్నతనముననే బడి మాని మగ్గమెక్కినవాడు. తల్లి భుజము నొప్పి చూడలేక, చేయి చేయు పనిని యంత్రముచేత చేయింపవలెనని 1992లో ఆరంభించెను. యంత్రశాస్త్రము చదివినవాడు కాడు. కొయ్యచట్రము, మోటారు, పళ్లచక్రములు తెచ్చి, ఒక్కొక్క కదలికనే సాధించుచు పోయెను. నూలును ముందునకు వెనుకకు త్రిప్పుట ఒక కదలిక. మేకు మారినప్పుడు ప్రక్కకు జరుగుట ఇంకొకటి. మేకుమీదుగా పైకి లేచి దిగుట మఱియొకటి. చేయి ఆలోచింపకయే చేయు దానిని ఇనుమునకు నేర్పుట ఎంత కష్టమో అప్పుడు తెలియును. డబ్బు అయిపోయినది. ఊరివారు నవ్విరి. పని మధ్యలో నిలిపి భాగ్యనగరమునకు పోయి కూలికి కుదిరెను. 1999లో బాలానగరు ప్రాంతపు కర్మశాలయొకదానిలో ఏదో వేఱొక యంత్రము కదలుట చూచుచుండగా, తనకు చిక్కని చివరి కదలిక ఆ యంత్రములో కనబడినది. ఆ భాగమును చేయించికొని ఇంటికి పోయి అమర్చెను. యంత్రము ఆడినది. 4, 5 గంటల పని గంటన్నరలో ముగిసినది. దానికి తల్లి పేర 'లక్ష్మీ ఆసు యంత్ర' మని పేరిడెను. తరువాతి యేండ్లలో ఎలక్ట్రానిక్ నియంత్రణమును గూడ దానికి జోడించెను. వందలకొలది యిండ్లకు ఆ యంత్రము చేరినది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చినది. 2019లో ఆయన కథ చలనచిత్రమైనది గనుక శ్రోతలలో పలువురు ఎఱుగుదురు.

చలనచిత్రమున నాయకుడొక్కడే కనబడుట సహజము. చరిత్ర చెప్పువాడు ఆయన చుట్టునున్నవారిని గూడ చూపవలెను. మొదటి పరిశోధకురాలు లక్ష్మిగారే యని నా యభిప్రాయము. ఏ మేకునకు ఎన్ని చుట్లు, ఏ బిగువున నూలు తెగును, ఏ బిగువున జాఱును అను జ్ఞానమంతయు ఆమె చేతిలోనిది. కుమారుడు ఆ చేతిని ఏడేండ్లు చదివెను. ఆ చదువులో దొర లేడు, పాదరి లేడు. బాధపడినవారును వెదకినవారును ఒకే కప్పు క్రిందివారు. వాట్సను సంపుటములకును దీనికిని గల అంతరమంతయు ఇచ్చటనే యున్నది.

ఇంతటి పని జరిగినను లోకమునకు తెలియకున్నచో, ఎవడో ధనికుడు చూచి నకలు చేసికొని తన పేర అమ్ముకొనుట కష్టము కాదు. అట్లు కాకుండుటకు మఱికొందఱు తోడుపడిరి. అహమ్మదాబాదు మేనేజ్‌మెంటు విద్యాలయపు ఆచార్యుడు అనిల్ గుప్తాగారు 1980 దశకపు చివర 'హనీ బీ', అనగా తేనెటీగ, యను పేర నొక సమూహమును నెలకొల్పిరి. రైతులయొద్ద తాము విషయములు సేకరించి ఆంగ్లమున వ్యాసములు వ్రాసికొనుట, ఆ వ్యాసములు ఆ రైతులకే అందకపోవుట వారి మనస్సును తొలిచినదట. తేనెటీగ పువ్వునుండి మకరందము గొనును. పువ్వునకు లోటు రాదు. పైగా ఒక పువ్వు పుప్పొడిని ఇంకొక పువ్వునకు చేర్చును. ఆ ప్రకారమే, విద్య చెప్పినవాని పేరు ఊరు తప్పక వ్రాయవలెను. వాని యనుమతి లేక ప్రకటింపరాదు. వ్రాసినదానిని వాని భాషలోనే వానికి తిరిగి వినిపింపవలెను. లాభము వచ్చినచో వానికి పాలు ఈయవలెను. ఇవి వారు పెట్టుకొన్న కట్టుబాట్లు. వినుటకు సులభముగా నున్నవి. విశ్వవిద్యాలయములలో ఎందఱు పాటించుచున్నారో ఎవరికి వారు తరచి చూచికొనవచ్చును.

1998 నుండి వీరు శోధయాత్రలు చేయుచున్నారు. పల్లెపల్లెకు కాలినడకన పోయి, క్రొత్త పనిముట్టు చేసినవానిని, మంచి వైద్యమెఱిగిన ముదుసలిని వెదకుట ఆ యాత్రల పని. 2000లో కేంద్రప్రభుత్వపు ఆదరమున జాతీయ నవకల్పనా ప్రతిష్ఠానము ఏర్పడినది. మన తెలుగుదేశమున సైన్యమునుండి విరమించిన బ్రిగేడియరు పోగుల గణేశముగారు 2005లో 'పల్లె సృజన' యను సంస్థను స్థాపించి, ఈ యాత్రలను మన యూళ్లలో నడిపించిరి. తెలుగున పత్రికయు వెలువరించిరి. మల్లేశముగారి యంత్రమును గుర్తించి, వివరములు వ్రాసి, పేటెంటు హక్కుకు తోడ్పడినవారిలో వీరును, ప్రతిష్ఠానమును ఉన్నారు. 2009లో ఆ ప్రతిష్ఠానపు పురస్కారము మల్లేశముగారికి లభించినది. చదువుకొన్నవాడు పనివానికి గుమస్తాగా కుదురుట ఇందలి విశేషము. నా వంటివాడు చేయదగిన పని గూడ ఇదియే గదాయని సంతోషము కలిగినది.

అయితే చిక్కులు లేవని కాదు. యంత్రము ఒకరు చేసినది గనుక పేటెంటు ఒకరికి చెల్లును. చిటికి నేత యెవరిది? ఊరందఱిది. దానికి వేఱు చట్టము వలసినది. వస్తువుల భౌగోళిక గుర్తింపు చట్టము 1999లో వచ్చి 2003లో అమలైనది. దాని ప్రకారము పోచంపల్లి నేతకు తొలినాళ్లలోనే గుర్తింపు దొరకినది. పుట్టపాక తేలియా రుమాలునకు 2020లో దొరకినది. చట్టమున్నను, పోచంపల్లి చిత్రములను మిల్లుగుడ్డపై అచ్చువేసి కారుచౌకగా అమ్మువారు బజారులో కొల్లలు. చేతినేత చీరకును, అచ్చుగుడ్డకును భేదమెఱుగని కొనువారు అంతకంటె కొల్లలు. తిరుగవేసి చూచిన రెండు ప్రక్కలను చిత్రము సమానముగా కనబడునది చిటికి నేత. వెనుక వెలవెలబోవునది అచ్చు. ఇది తెలిసికొనుటకు పాండిత్యమక్కరలేదు.

మనవారు గూడ ఇతరులనుండి తీసికొన్నారని ఒప్పుకొనక తప్పదు. గుజరాతులోని పాటన్ పటోలా చిత్రములు, ఏనుగులు చిలుకలు గలవి, పోచంపల్లి మగ్గములపై నేయుచున్నారు. పటోలా యందు పడుగును పేకయు రెండును కట్టి రంగు వేయుదురు; దానికి నెలలు పట్టును. ఆ రూపమును పేకలో మాత్రమే కట్టి త్వరగా నేసి తక్కువ వెలకు అమ్మినపుడు పాటన్ నేతగానికి నొప్పి కలుగదా? మాంచెస్టరును తిట్టుకొన్న నోటితో దీనిని మెచ్చుకొనుట నాకు చేతకాదు. చీరాలనుండి విద్య వచ్చుట వేఱు. మనుష్యులు మనుష్యులవద్ద నేర్చికొనిరి.

ఆవిష్కర్తకు హక్కు నీయవలెనా, విద్యను అందఱికి వదలవలెనా యను వివాదమునకు ఫ్రాన్సులో ఒక పరిష్కారము జరిగినది. లియోను పట్టణపు పట్టు నేతగాని కొడుకు జకార్డు, అట్టముక్కల రంధ్రములచేత పూవులు నేయు యంత్రమును 1804లో పూర్తిచేసెను. 1805లో ప్రభుత్వము ఆ యంత్రమును పట్టణపు సొత్తుగా చేసి, ఆయనకు జీవితాంతము పింఛనును, యంత్రమునకింత యని రుసుమును ఏర్పరచినది. తొలుత నేతగాండ్రు తమ కూలి పోవునని కోపించిరి; తరువాత వారి కొడుకులే ఆ యంత్రములపై పనిచేసిరి. మన మగ్గములపైకి గూడ 'జకార్డు' వచ్చి, ఆ పేరు మన నేతవారి నాలుకలపై తెలుగు మాటయైపోయినది. ఆసు యంత్రమునకు పలుకుబడి గలవారు ఇట్టి యేర్పాటే చేసి, పేద యిండ్లకు సర్కారు ఖర్చున ఇప్పించి, కనుగొన్నవానికి తగిన రుసుము చెల్లించిన బాగుండెడిది. ఆసు యంత్రము కొనగల యిల్లును, కొనలేని యిల్లును ఒకే వీధిలో నున్నవి. మొదటి యింటి ఆమె భుజమునకు మాత్రమే విశ్రాంతి.

నేను ఉద్యోగమున నుండగా కోదాడలో పిల్లలచేత ఒక పుస్తకము వ్రాయించితిని. తమ యింట, వాడలో చేతిపని యెఱిగినవారి వద్దకు పోయి, పనిముట్ల పేర్లు, పని జరుగు తీరు అడిగి వ్రాయవలెను. పడుగు, పేక, అచ్చు, నాడె, దోనె, సారె, కొలిమి, తిత్తి, బాడిస, చిత్రిక యని వందలకొలది మాటలు వచ్చినవి. ప్రతి పుటకు పైన చెప్పినవారి పేరు, క్రింద వారి వ్రేలిముద్రయో సంతకమో యుండవలెనని నియమము పెట్టితిని. వ్రాసినదానిని మరల వారికి చదివి వినిపించి, ఒప్పుకొన్న పిమ్మటనే ముద్ర. ఇందువలన పని ఆలస్యమైనది. తోడి యుపాధ్యాయులు కొందఱు ఇది చాదస్తమనిరి. కాని వినిపించునప్పుడే దిద్దుబాట్లు వచ్చినవి. వడ్రంగి యొకరు తన మాటలను విని, 'నేనిట్ల చెప్పలె, ఇట్ల చెప్పిన' నని మూడు మారులు మార్పించినారట. ఆ పుటయే పుస్తకమునకెల్ల మేలైనది.

ఒక కుమ్మరి యింటి బాలిక తన తాతను అడుగబోయినది. ఆయన కుండ నీటిని చల్లగా నుంచుటలో పేరుపడినవాడు. మట్టిలో ఏ యే యిసుక ఏ పాళ్లలో కలుపునో ఇంటివారికి దప్ప తెలియదు. 'పేరు రాసుకో బిడ్డా, మన్ను పాళ్లు మాత్రం చెప్ప' నని యాయన యనినాడు. ఆ బాలిక వచ్చి, పుట విడిచిపెట్టనా, ఊహించి వ్రాయనా యని యడిగినది. పేరు వ్రాసి, తాతగారి వ్రేలిముద్ర వేయించి, తక్కినది ఖాళీగా ఉంచుమంటిని. ఆ పుస్తకము నేటికిని బడి బీరువాలో నున్నది. ఆ పుట అట్లే తెల్లగా నున్నది.